ఏడవ డిస్కుకు రెండు మార్కులు

గౌరవనీయులైన అవతలి గట్టు పెద్దల సభవారి సముఖానికి,

ఇవతలి గట్టు డిస్కుల పరీక్షాధికారి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు జొన్నాదుల నరహరి సవినయంగా నమస్కరించి రాసుకునే విన్నపం.

పడవ మీద వెళ్ళే ఉత్తరంలో తేదీ గాని, ఊరి పేరు గాని ఉండరాదని మన రెండు గట్ల మధ్య ఒప్పందం. మందుల జాడ పట్టుకుని వెంటపడే దోపిడీ పడవలు ఈ సముద్రం మీద ఉన్నంతకాలం అది మంచి నియమమే. కనుక ఆ రెండూ రాయడం లేదు. నేను ఈ బాధ్యత చేపట్టి ఎన్ని రోజులయిందో ఆ లెక్క మాత్రం ప్రతి నమోదుకూ పైన వేశాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో పనిచేశాను. కంటపడిన వాక్యాన్ని దిద్దకుండా వదిలిన రోజు నాకు గుర్తు లేదు. ఈ కింద ఉన్నవి నా దినచర్య పుస్తకంలో నుంచి ఎత్తి రాసినవి. వీటిలో మాత్రం ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఎందుకు దిద్దలేదో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

నమోదు 1. 241వ రోజు

ఉదయం ఆరు గంటలకు డిస్కుల గది తలుపు తీశాను. గాలి రంధ్రాల మీద పేరుకున్న ఉప్పును కుంచెతో దులిపాను. వట్టివేళ్ళ తడికలు తడిపాను. తరవాత తెర ముందు కూర్చుని పన్నెండు డిస్కుల మార్కులూ రిజిస్టరులో ఎక్కించాను.

మొదటి డిస్కు, అంటే సముద్రపు నీటిని ఆపే కట్ట తలుపులను నడిపేది, ఎనభై రెండు. ఊపిరి మందు తయారీ విధానం ఉన్న ఏడవ డిస్కు నలభై ఒకటి. తక్కినవన్నీ అరవైకి పైనే.

పూర్వులు ఉత్తీర్ణతకు ముప్పై అయిదు మార్కులని నిర్ణయించారు. నిర్ణయించిన పెద్దమనిషి తప్పకుండా ఎవరో బడిపంతులే అయి ఉంటాడు. అంతకు తగ్గిన డిస్కులోని సమాచారమంతా ఆ రోజే కొత్త డిస్కులోకి ఎక్కించి, పాతదాన్ని పక్కన పెట్టాలి. డిస్కులు చేసే విద్య తెలిసినవారు ఇప్పుడు ఎక్కడా లేరు. మా దగ్గర కొత్తది ఒకే ఒక్కటి మిగిలింది. రేకు పెట్టెలో, నూనె గుడ్డలో చుట్టి ఉంది.

మార్కుల పక్కనే సంఘటనల చిట్టా. డిస్కుకు ఏ కొంచెం ఇబ్బంది కలిగినా యంత్రం అక్కడ ఒక వాక్యం రాస్తుంది. ఆ వాక్యాలను తెలుగులో పెట్టిన మహానుభావుడు ఎవరో గాని, నా బడిలో ఉండి ఉంటే ఆరవ తరగతి దాటేవాడు కాడు. "దోషము సంభవించబడినది" అట. సంభవించడానికి 'బడు' ఎలా చేరుతుంది? ఈ రోజు ఏడవ డిస్కు కింద ఆ వాక్యం పద్నాలుగు సార్లు వచ్చింది. యంత్రం రోజూ అచ్చువేసే నకలు పుస్తకంలో పద్నాలుగు చోట్లా ఎర్ర సిరాతో దిద్దాను.

ఏడు గంటలకు మందుల గది కస్తూరి వచ్చి గుమ్మం అవతల నిలబడింది. డిస్కును వాడుకునేవారు ఈ గదిలోకి రాకూడదు. పరీక్ష పెట్టేవారూ, ఫలితం కోసం చూసేవారూ వేరుగా ఉండాలన్నది ఇక్కడి నియమం.

"మాస్టారూ, నా ఏడుగాడు పాసయ్యాడా?"

"ఉత్తీర్ణమైంది. డిస్కుకు ప్రాణం లేదు కస్తూరీ. 'వాడు' అనకూడదు."

"రోజూ నాకు ఊపిరి పోసేవాణ్ణి పట్టుకుని 'అది' అనమంటారేంటండీ?"

"నలభై ఒకటి."

"బొటాబొటీ బాపతు. నాలాగే" అని నవ్వి, దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.

నమోదు 2. 252వ రోజు

ఏడవ డిస్కు ముప్పై ఎనిమిది.

చిట్టాలో కొత్త రకం వాక్యాలు కనిపిస్తున్నాయి. "గడి చదువుటకు వీలుపడలేదు. మరల ప్రయత్నము. మరల ప్రయత్నము. మరల ప్రయత్నము. చదువబడినది." ఇటువంటివి ఈ ఉదయం అరవై రెండు. డిస్కు లోపల సమాచారం చిన్న చిన్న గడులలో ఉంటుంది. ఒక గడి పాడయితే, అందులో ఉన్నదాన్ని తన దగ్గర అట్టిపెట్టుకున్న ఖాళీ గడిలోకి డిస్కే మార్చుకుంటుంది. ఆ ఖాళీ గడులు తగ్గేకొద్దీ మార్కులు తగ్గుతాయి. ఇదంతా ఈ ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడు నాకు చదివి వినిపించారు.

అయినా, ఆ వాక్యాలు చదువుతూ ఉంటే నాకు వెనక బెంచీలో కూర్చుని ఎక్కం అప్పజెప్పే పిల్లలు గుర్తుకు వచ్చారు. ఒకసారి ఆగి, రెండోసారి ఆగి, మూడోసారి తల గోక్కుని, చివరికి చెప్పేస్తారు. తడబడినా చెప్పాడా లేదా అన్నదే నేను చూసేవాణ్ణి. రిజిస్టరులో పరిశీలన అనే గడిలో "ప్రయత్నశీలి" అని రాశాను.

నమోదు 3. 258వ రోజు

ఏడవ డిస్కు ముప్పై ఆరు.

సభాధ్యక్షులు బుల్లెబ్బాయి గారు స్వయంగా వచ్చారు. ఆయనకు గది లోపలికి వచ్చే అధికారం ఉంది గాని, చెప్పులు విప్పడం బద్ధకం. గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు.

"మేష్టారూ, మీరొచ్చాక ఒక్క డిస్కు కూడా ఫెయిల్ కాలేదంట. నిజమేనా?"

"రిజిస్టరు మీ ఎదురుగానే ఉంది."

"అదే, నూటికి నూరు శాతం రిజల్టన్నమాట. ఇదివరకు ఏ పరీక్షాధికారికీ అలా లేదు. ఎవరి హయాంలో చూసినా ఏడాదికి ఒకటో రెండో పోయేవి. వచ్చే వారం స్థాపక దినం కదా, మీకు శాలువా కప్పుదామని సభలో అనుకున్నాం."

"నేను చేసింది ఏమీ లేదు. ఉప్పు దులపడం, తడికలు తడపడం."

"అది కూడా చెయ్యని మనుషులను చూశాను కదండీ నేను" అన్నారు. కొంచెం ఆగి, "ఆ ఒక్క కొత్త డిస్కూ కట్ట తలుపులకోసం దాచుకుంటే నాకు నిద్ర పడుతుంది. మీ పుణ్యమా అని దాన్ని ముట్టుకోవలసిన అవసరం రాకపోతే చాలు" అన్నారు.

బడిలో నా హయాంలో ఏనాడూ నూటికి నూరు శాతం రాలేదు. నేను గ్రేస్ మార్కులు వేసేవాణ్ణి కాను. పక్క బడి ప్రధానోపాధ్యాయుడికి రెండుసార్లు శాలువా కప్పారు. ఆయన మార్కుల జాబితాలు నేను చూశాను. ముప్పై మూడు, ముప్పై నాలుగు అనే అంకెలు వాటిలో ఎక్కడా లేవు. ముప్పై అయిదులు మాత్రం వరసగా బారులు తీరి ఉండేవి. ఆ ముప్పై అయిదులను చూసి నవ్వుకునేవాణ్ణి.

నమోదు 4. 264వ రోజు

ఉదయం తెర మీద ఎర్ర గీత ఉంది. ఇంతకు ముందు దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఏడవ డిస్కు ముప్పై మూడు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ముప్పై మూడే. ఎల్లుండి స్థాపక దినం. చిట్టాలో నాలుగు వందల పైచిలుకు వాక్యాలు. అన్నీ "మరల ప్రయత్నము", అన్నీ చివరికి "చదువబడినది". కుదరనిది ఒక్కటీ లేదు. అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పినవాణ్ణి రెండు మార్కుల కోసం ఎలా పంపించేస్తాం అనిపించింది. రెండు రోజులు చల్లగా ఉంటే పుంజుకుంటుందనీ అనిపించింది.

రిజిస్టరులో ముప్పై అయిదు అని రాశాను. యంత్రంలోనూ అదే అంకె కొట్టి, "చూశాను" అన్న మీట నొక్కాను. ఎర్ర గీత పోయింది.

ఏడు గంటలకు కస్తూరి వచ్చింది.

"ఏమంటున్నాడండీ?"

"ఉత్తీర్ణం. ముప్పై అయిదు."

"అమ్మయ్య" అంది.

నమోదు 5. 266వ రోజు

స్థాపక దినం. ఎండ బాగా కాసింది. కట్ట మీద పందిరి వేశారు. బుల్లెబ్బాయి గారు ఊదారంగు శాలువా కప్పారు. ప్రసంగంలో "నిష్కర్ష" అనవలసిన చోట "నిష్కర్ణ" అన్నారు. దిద్దలేదు.

ముందు వరసలో ఊపిరి మందు తీసుకునే పదకొండు మందీ కూర్చున్నారు. ఉప్పు ధూళికి ఊపిరితిత్తులు గట్టిపడ్డవాళ్ళకు పందిరి కింద గాలి బాగా తగిలే చోటు ఇవ్వడం ఇక్కడి మర్యాద. వారిలో కస్తూరి కూడా ఉంది. మందు చేసేదీ ఆమే, వేసుకునేదీ ఆమే. అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది.

ఈ రోజు కూడా ముప్పై మూడే. ముప్పై అయిదు అనే రాశాను. నిన్న కూడా.

నమోదు 6. 269వ రోజు

తెర మీద ఇరవై తొమ్మిది.

ఆరు మార్కులు కలపాలంటే చెయ్యి ఆడలేదు. కాని నిన్నటిదాకా ముప్పై అయిదు అని రాసి, ఈ రోజు ఇరవై తొమ్మిది అని రాస్తే నిన్నటి అంకె ఏమిటని అడుగుతారు. శాలువా ఇంకా మడతే విప్పలేదు. ముప్పై అయిదు అని రాశాను.

గది తలుపు మూస్తూ ఉంటే లోపల నుంచి శబ్దం వినిపించింది. టక్. కొంచెం విరామం. టక్. గోటితో రేకు మీద కొట్టినట్టు. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఏడవ డిస్కే.

రేపు బుల్లెబ్బాయి గారికి చెప్పాలి.

నమోదు 7. 272వ రోజు

చెప్పలేదు. నిన్న గాని, మొన్న గాని చెప్పలేదు. ఈ రెండు రోజులూ తెర మీద అంకె చూడకుండానే ముప్పై అయిదు అని రాశాను. ఇది రాస్తున్న చేయి నాదేనా అని చూసుకున్నాను.

ఉదయం ఆరు గంటలకు తలుపు తీసేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. ఆ టక్ టక్ లేదు. తెర మీద పదకొండు డిస్కుల మార్కులు ఉన్నాయి. ఏడవ దాని ఎదురుగా అంకె లేదు. గీత కూడా లేదు. ఖాళీ.

చిట్టాలో చివరి వాక్యం: "ఏడవ డిస్కు కనుగొనబడలేదు." ఆ వాక్యంలో తప్పు లేదు. దిద్దడానికి ఏమీ లేదు. దాన్ని ఎన్నిసార్లు చదివానో తెలియదు.

తీసి మళ్ళీ పెట్టాను. విద్యుత్తు ఆపి మళ్ళీ ఇచ్చాను. ఒకసారి తిరిగి, రెండుసార్లు టక్కుమని, ఆగిపోయింది. రేకు పెట్టెలో నుంచి కొత్త డిస్కు తీసి పక్కన పెట్టాను. దానిలోకి ఎక్కించడానికి ఏమీ రావడం లేదు.

ఏడు గంటలకు గుమ్మం దగ్గర కస్తూరి గొంతు.

"మాస్టారూ, మందుల యంత్రం తిరగనంటోంది. ఏడుగాడు పలకడం లేదంట. మీకేమైనా కనబడుతోందా?"

లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. నియమం ప్రకారం ఆమె రాకూడదు. వచ్చింది.

నమోదు 8. అదే రోజు

జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కస్తూరి ముందు డిస్కు చూసింది. తరవాత తెర చూసింది. తరవాత రిజిస్టరు తన వైపు తిప్పుకుంది.

"ఎనిమిది రోజులుగా ముప్పై అయిదేనా?"

"అవును."

"కదలకుండా?"

నేను చిట్టా నకలు పుస్తకం ఇచ్చాను. యంత్రం రాసిన అసలు అంకెలు అందులో ఉన్నాయి. పుటలు తిప్పింది. నా ఎర్ర సిరా దిద్దుబాట్లు చూసింది. వేలు ఒక చోట ఆగింది.

"ఇక్కడ ముప్పై మూడని ఉంది. అక్కడ ముప్పై అయిదని ఉంది."

"రెండు మార్కులు కలిపాను."

ఆమె పుస్తకం మూసింది.

"నాకు ఒక్కటండి" అంది. "ఒక్క మార్కు. ముప్పై నాలుగు వచ్చాయి నాకు. మా నాన్న మీ అరుగు మీద పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మీరు లోపలి నుంచి బయటకు రాలేదు."

నాకు గుర్తుంది. ఇరవై రెండు సంవత్సరాల కిందటి మాట. సామాన్యశాస్త్రం. ఆ సంవత్సరం ఉత్తీర్ణులైనవారిని వైద్యం నేర్చుకోవడానికి పడవలో అవతలి గట్టుకు పంపారు. కస్తూరిని పంపలేదు. ఆమె ఇక్కడే ఉప్పు మడుల్లో పనికి వెళ్ళింది. ఊపిరితిత్తులు ఆ మడుల్లోనే పోయాయి. ఇవన్నీ నాకు తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు.

"వాడికి రెండు ఇచ్చినందుకు ఏడవడం లేదండి నేను" అంది. "నన్ను ఫెయిల్ చేశారు, పంపించేశారు. బళ్ళో ఫెయిలంటే బయటకు పొమ్మనడం. ఇక్కడ ఫెయిలంటే అది కాదు కదా మాస్టారూ. వాడు ఫెయిలైతే ఆ రోజే కాపీ తీసుకునేవాళ్ళం. వాడు అరిచింది అందుకే. రోజుకి నాలుగు వందలసార్లు అరిచాడు. మీరు పాస్ చేసేశారు."

నేను ఆ గదిలో రెండు వందల డెబ్బై రెండు రోజులు కూర్చున్నాను. ఆ మాట నాకు ఒక్క రోజు కూడా తట్టలేదు. కుర్చీలో కూర్చున్నాను.

"మందు ఎన్ని రోజులకు ఉంది?" అని అడిగాను.

"ఇరవై. పదకొండు మందికి సమంగా పంచితే ఇరవై. ఆ తరవాత మూడు రోజులు, గట్టివాళ్ళయితే నాలుగు."

నమోదు 9. 273వ రోజు

ఉదయం బుల్లెబ్బాయి గారి ఇంటి వసారాలో ముగ్గురం కూర్చున్నాం. ఆయనకు నేనే చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. "నేనే కదా మేష్టారూ శాలువా అన్నాను" అని తల దించుకున్నారు. అది తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

తరవాత తేరుకుని, "అయినా అంత కంగారు ఎందుకు? ప్రతి డిస్కుకూ అవతలి గట్టులో జంట ఉంది. ఇక్కడి ఏడుకి అక్కడ ఏడు. పడవ తొమ్మిది రోజులు వెళ్ళడానికి, తొమ్మిది రోజులు రావడానికి. పద్దెనిమిది. రెండు రోజులు మిగులే" అన్నారు. లోపలికి వెళ్ళి అవతలి గట్టు నుంచి ఏటా వచ్చే ఉత్తరాల కట్ట తెచ్చారు.

"ఇదిగో, చూడండి. వాళ్ళ ఏడు పోయిన ఏడాది ముప్పై అయిదు. పాసే."

"అంతకు ముందు సంవత్సరం?" అని అడిగాను.

"ముప్పై అయిదు."

"దానికి ముందు?"

"ముప్పై అయిదు. ఏంటండీ, అలా చూస్తున్నారు? కదలకుండా నిలబడింది. మనదానికంటే గట్టిది."

కస్తూరి నా ముఖం చూసింది. బుల్లెబ్బాయి గారి చేతిలో కాగితం చూసింది. ఆమెకు అర్థమయింది.

"బాబాయ్, అది డిస్కు వేసిన ముప్పై అయిదు కాదు" అంది. "మాస్టారు వేసిన ముప్పై అయిదు లాంటిది."

మూడు సంవత్సరాలు కదలని ముప్పై అయిదు లోకంలో లేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు మార్కుల జాబితాలు చూసినవాణ్ణి నేను. ముప్పై అయిదు ఎవరికీ రాదు. ఇస్తారు. నవ్వుకుంటూ వచ్చిన ఆ అంకెను నేను ఎనిమిది రోజులు నా చేతితోనే రాశాను. ఈ రోజు అవతలి గట్టు కాగితం మీద చూసి గుర్తుపట్టాను.

కొత్త డిస్కును అవతలి గట్టుకు పంపాలని అప్పుడే అన్నాను. బుల్లెబ్బాయి గారు తటపటాయించారు. "రేపు కట్ట తలుపుల డిస్కు పోతే? ఊరు ఊరంతా నీళ్ళల్లో ఉంటాం."

"దానికి ఎనభై రెండు ఉన్నాయి కదా బాబాయ్" అంది కస్తూరి. తరవాత నా వైపు తిరిగి, "నిజంగా ఎనభై రెండేనా మాస్టారూ?" అని అడిగింది.

"నిజమే" అన్నాను.

ఆమె లేచి వెళ్ళి, డిస్కుల గదిలో తెర మీద తన కళ్ళతో చూసి వచ్చింది. అంత దూరం నడిచినందుకు వసారా మెట్ల మీద కూర్చుని దగ్గింది. "ఎనభై రెండే" అంది బుల్లెబ్బాయి గారితో. నాతో అనలేదు.

ఇంతటితో నమోదులు అయిపోయాయి. ఇక నా విన్నపం.

ఈ ఉత్తరంతో పాటు మా దగ్గర ఉన్న ఆఖరు కొత్త డిస్కును పంపుతున్నాము. నూనె గుడ్డలో చుట్టి, బియ్యపు డబ్బాలో దింపింది కస్తూరే. మీ ఏడవ డిస్కులో ఉన్నదంతా దీనిలోకి ఎక్కించి, అదే పడవలో తిప్పి పంపవలసిందిగా ప్రార్థిస్తున్నాము. పడవ మీ రేవులో రెండు రోజులకు మించి ఆగితే పదకొండు మందికి ఊపిరి అందదు. మీ దగ్గర కూడా అదే మందు వేసుకునేవారు ఇరవై ముగ్గురు ఉన్నారని మీ ఉత్తరాలలో చదివాను. కనుక మీ కోసం కూడా ఒక నకలు ముందుగా తీసి ఉంచుకోండి. మీ దగ్గర కొత్త డిస్కు ఉంటే దానిలోకి తీయండి. లేకపోతే మందుల గదిలో ఏ యంత్రంలో చోటు ఉంటే దానిలోకి.

నకలు ఎలా తీయాలో కస్తూరి చెప్పిన మాటలు ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "ఉత్తరం చదివినప్పటి నుంచీ వాణ్ణి ఇంకే పనికీ తిప్పకండి. ఆ రోజుకి మందు చెయ్యడం కూడా ఆపండి, దాచుకున్నది వేసుకోండి. గది చల్లబరచండి. మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారే చదివించండి. మధ్యలో ఏదైనా గడి మొండికేస్తే దాని దగ్గర కూర్చోకండి, వదిలేసి ముందుకు పోండి. మంచివన్నీ తీసుకున్నాక వెనక్కి వచ్చి మొండివాళ్ళను అడగండి. అలసిపోయినవాణ్ణి మొదటే కష్టమైనది అడిగితే ఉన్నదీ చెప్పలేడు." ఇందులో వ్యాకరణరీత్యా అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. అభ్యంతరం చెప్పలేదు.

మీ పరీక్షాధికారి ఎవరో నాకు తెలియదు. ఆ అంకె మొదటిసారి రాసినప్పుడు వారికి ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. శాలువా కాకపోవచ్చు. నా కారణం కంటే మంచిదే అయి ఉంటుంది. ఆ తరవాత ప్రతిసారీ పాత అంకెను కాపాడడానికే కొత్త అంకె రాసి ఉంటారు. అది ఎంత సులభంగా జరుగుతుందో ఈ గట్టు మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వారిని శిక్షించకండి. వారిని అడగవలసింది ఒక్కటే, ఈ ఉదయం తెర మీద ఉన్న అసలు అంకె.

నన్ను ఇక్కడ ఉద్యోగం నుంచి తొలగించలేదు. తొలగించమని నేనే అడిగాను. కస్తూరి ఒప్పుకోలేదు. ఇకమీదట నేను రాసే అంకెలను రోజూ ఉదయం ఏడు గంటలకు ఆమె లోపలికి వచ్చి తెరతో సరిచూస్తుంది. నియమం మార్చారు. చిట్టా నకలులో ఎర్ర సిరా వాడవద్దంది. వాడను. ఊదారంగు శాలువాను ఆమె తీసుకుంది. మీకు వచ్చే డిస్కు మీద, నూనె గుడ్డకు పైన చుట్టి ఉన్నది అదే.

ఈ ఉత్తరాన్ని సభ్యులు ఒకరి తరవాత ఒకరు లోలోపల చదువుకుని మడిచి పెట్టవద్దు. గదిలో ఒక్కరే చదువుకున్న అంకెను ఆ ఒక్కరే మార్చగలరు. అందరినీ పందిరి కిందికి పిలిపించండి. ఊపిరి మందు వేసుకునేవారిని గాలి తగిలే వైపు కూర్చోబెట్టండి. మొదటి నమోదు నుంచి చివరిదాకా, ఒక్క అంకె కూడా వదలకుండా, ఈ ఉత్తరాన్ని బిగ్గరగా చదివించండి. చదువుతున్నంతసేపూ మీ పరీక్షాధికారి ముఖం వైపు ఎవరూ చూడవద్దని మనవి. చదవడం పూర్తయ్యాక కొంచెంసేపు ఆగితే, అసలు అంకె వారే చెబుతారు.

ఇట్లు,
జొన్నాదుల నరహరి